ఉపమాక నుంచి ముక్తినాథ్ దాకా: ఒక తుఫాను నడిచిన దారి

నక్కపల్లి దగ్గర జాతీయ రహదారి మీద ఆగి చూస్తే సముద్రమూ కొండా రెండూ అందే దూరంలోనే ఉంటాయి. తూర్పుకు మళ్లితే రాజయ్యపేట, బోయపాడు లాంటి మత్స్యకారుల ఊళ్లు, ఇసుక మీదికి లాగిన తెప్పలు, ఆ వెనక బంగాళాఖాతం. ఊరికి చేరువలోనే గరుడాద్రి అని పిలుచుకునే ఉపమాక కొండ, దాని మీద వేంకటేశ్వరస్వామి. అడ్డరోడ్డు దగ్గర మళ్లి నర్సీపట్నం దాటితే ఘాట్ రోడ్డు మొదలై లంబసింగి, చింతపల్లి మన్యంలోకి తీసుకుపోతుంది. శీతాకాలం తెల్లవారుజామున అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా దిగుతుంది. ఉప్పుగాలి నుంచి ఎముకలు కొరికే చలి దాకా ఒక పూట ప్రయాణం. ఇదే దిక్కులో, దాదాపు ఇదే రేఖాంశం పట్టుకుని ఉత్తరానికి 1,200 కిలోమీటర్లకు పైగా పోతే నేపాల్‌లో ముక్తినాథ్ వస్తుంది. వైష్ణవులు 108 దివ్యదేశాల్లో ఒకటిగా కొలిచే సాలగ్రామ క్షేత్రం అది. మన యాత్రికులు గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్లి, సొనౌలి దగ్గర సరిహద్దు దాటి, పోఖరా, జోమ్‌సోమ్ మీదుగా రోజుల తరబడి ప్రయాణించి అక్కడికి చేరతారు. 2014 అక్టోబరులో ఒక తుఫాను మన తీరం నుంచి అదే చోటికి రెండు రోజుల్లో చేరింది. దాని వెంట నడిచి చూస్తే, కొండల్లో చిక్కుకున్నవాళ్లను కాపాడటం గురించి మనం సాధారణంగా అనుకునే మాటలు సరిచేసుకోక తప్పదనిపిస్తుంది.

ఆ తుఫాను పేరు హుద్‌హుద్. అండమాన్ సముద్రంలో పుట్టి, బలపడుతూ వచ్చి, అక్టోబరు 12 ఆదివారం మధ్యాహ్నం విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 170 నుంచి 180 కిలోమీటర్లు. పూడిమడక నుంచి భీమిలి దాకా తీరమంతా అతలాకుతలమైంది. విశాఖ విమానాశ్రయం దెబ్బతింది, ఉక్కు కర్మాగారంలో పని ఆగింది, నగరంలో చెట్లన్నవి మిగల్లేదన్నంత పని అయింది. అక్కడితో ఆగక గాలి కొండెక్కింది. అరకు, పాడేరు వైపు కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు నేలకూలి, గిరిజన రైతుల ఏళ్ల కష్టం పోయింది. ఆ తర్వాత ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల మీదుగా నడిచి, బలం తగ్గుతూ, 14వ తేదీకి ఉత్తరప్రదేశ్ తూర్పు భాగం మీద అల్పపీడనంగా మిగిలింది. తీరం మనిషి దృష్టిలో కథ అక్కడితో అయిపోయింది. పత్రికలు నష్టపరిహారం వైపు, కరెంటు పునరుద్ధరణ వైపు తిరిగాయి. అది న్యాయమే. కానీ అదే రోజున, అదే తుఫాను మోసుకెళ్లిన తేమ అన్నపూర్ణ పర్వతాల మీద మంచై కురవడం మొదలుపెట్టింది.

అన్నపూర్ణ చుట్టూ నడిచే దారిలో అతి ఎత్తైన చోటు థొరాంగ్ లా కనుమ. సముద్రమట్టానికి 5,416 మీటర్లు. అక్కడ మనిషి పీల్చే గాలిలో ప్రాణవాయువు రాజయ్యపేట ఒడ్డున దొరికేదానిలో సగం. తూర్పున మనాంగ్ లోయ నుంచి ఎక్కి, పడమట ముక్తినాథ్‌కు దిగాలి. ఆ దిగుడే 1,600 మీటర్లు. పొద్దెక్కేకొద్దీ కనుమ మీద గాలి పెరుగుతుంది కాబట్టి నడిచేవాళ్లు చీకటి ఉండగానే బయలుదేరతారు. అక్టోబరు 14 తెల్లవారుజామున కూడా అలాగే బయలుదేరారు. వర్షాకాలం పోయి ఆకాశం తేటపడే నెల అది. దారి నిండా జనం. కనుమ చేరేసరికి ముందున్న అడుగు కనిపించనంతగా మంచు, గాలి. పైనున్న చిన్న టీ గుడిసెలో కిక్కిరిసి తలదాచుకున్నవాళ్లు కొందరు, అక్కడినుంచి దిగబోయి దారి తెలియక మంచులోనే ఆగిపోయినవాళ్లు కొందరు. కనుమ మీద, దాని చుట్టుపక్కల, మంచుచరియలు పడ్డ ధవళగిరి బేస్ క్యాంపు వైపు కలిపి కనీసం 43 మంది చనిపోయారు. వాళ్లలో ఇజ్రాయెల్, కెనడా, స్లొవేకియా, భారతదేశాల నుంచి వచ్చినవాళ్లున్నారు; నేపాలీ గైడ్లు, కూలీలు, జడలబర్రెలు మేపుకునే పశువుల కాపరులు ఉన్నారు. ఆకాశం తెరిపిచ్చాక, 15వ తేదీ నుంచి నేపాల్ సైన్యం, ప్రైవేటు హెలికాప్టర్లు, స్థానికులు కలిసి 500 మందికి పైగా కిందికి తెచ్చారు. నేపాల్ చరిత్రలో అతిపెద్ద గాలింపు, రక్షణ చర్యల్లో అదొకటి.

ఈ చివరి అంకెను చూసి చాలామంది సంతృప్తి పడతారు. అంతమందిని కాపాడిన పైలట్లకు, సైనికులకు, మనాంగ్, ముక్తినాథ్ ఊళ్లవాళ్లకు చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ కాలక్రమం చూడండి. మంచు కురిసింది 14న. హెలికాప్టర్లు ఎగరగలిగింది 15న. ఈ రెంటికీ మధ్య ఉన్న ఒక్క రాత్రిలోనే చావు బతుకులు తేలిపోయాయి. శరీరం లోపలి వేడి 35 డిగ్రీలకు తగ్గితే వణుకు, ఇంకా తగ్గితే మతి తప్పడం, ఆ తర్వాత స్పృహ పోవడం. సున్నాకు 10 డిగ్రీలు దిగువన ఉన్న చలికి గంటకు 60 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి అది సున్నాకు 23 డిగ్రీలు దిగువన ఉన్నట్టే. తడిసిన బట్టలతో అలాంటి గాలిలో నిలబడ్డ మనిషికి మర్నాడు వచ్చే సాయం ఎంత గొప్పదైనా అందదు. అంటే తుఫాను తగ్గాక జరిగే రక్షణ, ఆ రాత్రి ఎలాగో బతికినవాళ్లను తీసుకురావడం. ఆ రాత్రిలో చిక్కుకోకుండా ఆపడమే అసలు రక్షణ. ఆ పని కొండ మీద మొదలు కాదు. దానికి ఐదు రోజుల ముందు, బంగాళాఖాతం మీద, మన తీరానికి ఎదురుగా మొదలవుతుంది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇదే: మన తీరానికి చేరే తుఫాను హెచ్చరిక హిమాలయ కనుమల దాకా ప్రయాణించాలి, అక్కడ అడుగు ఆపించే అధికారంగా మారాలి.

హెచ్చరిక మధ్యలో ఎందుకు ఆగిపోయిందో అర్థం కావాలంటే తుఫానును రెండు కళ్లతో చూడాలి. తీరానికి ప్రమాదం గాలిలో, ఉప్పెనలో ఉంటుంది. నేల మీదికి రాగానే సముద్రపు వేడినీటి ఆధారం పోయి గాలి పడిపోతుంది. అందుకే ‘తీవ్ర తుఫాను బలహీనపడి వాయుగుండంగా, ఆపై అల్పపీడనంగా మారింది’ అని ఆకాశవాణిలో వినగానే మత్స్యకార కుటుంబం ఊపిరి పీల్చుకుంటుంది. కానీ గాలి పోయినంత త్వరగా తేమ పోదు. వేల చదరపు కిలోమీటర్ల సముద్రం నుంచి పీల్చుకున్న ఆవిరి ఆ అల్పపీడనంతో పాటే ఉత్తరానికి సాగుతుంది. అక్కడ పడమటి నుంచి వచ్చే చల్లని ద్రోణి తోడైతే, ముందు గోడలా నిలబడ్డ హిమాలయం ఆ గాలిని ఒక్కసారిగా పైకి నెడితే, ఆ తేమంతా మైదానంలో వానగా, 4,000 మీటర్ల పైన మంచుగా పడుతుంది. హుద్‌హుద్ విషయంలో జరిగింది ఇదే. తీరానికి శుభవార్త అయిన మాటే కొండకు ప్రమాద సూచన. ఆ ఒక్క మాటను రెండు చోట్లా ఒకేలా వినడం వల్లే 14వ తేదీ ఉదయం థొరాంగ్ లా దారిలో అంతమంది ఉన్నారు.

ఇది ఎవరూ ఊహించలేని వింత అనడానికి వీల్లేదు. 1995 నవంబరులో ఉత్తరాంధ్ర, ఒడిశా సరిహద్దు ప్రాంతంలో తీరం దాటిన తుఫాను ఇలాగే ఉత్తరానికి నడిచింది. నేపాల్‌లో అకాల హిమపాతం కురిసింది. ఎవరెస్ట్ ప్రాంతంలోని గోక్యో లోయలో, పంగా దగ్గర ఒక బస మీద మంచుచరియ విరిగిపడి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో 13 మంది జపాన్ నుంచి వచ్చిన నడకదారులు. అప్పుడూ వందల మందిని హెలికాప్టర్లతో తరలించారు. అంటే హుద్‌హుద్‌కు 19 ఏళ్ల ముందే పాఠం మన ముందుంది. ఇలా మళ్లీ మళ్లీ జరగడానికి కారణం కాలెండరులోనే ఉంది. హిమాలయాల్లో ఎక్కడానికి అనువైనవి రెండే కాలాలు: వర్షాలకు ముందు ఏప్రిల్, మే, వర్షాల తర్వాత అక్టోబరు, నవంబరు. బంగాళాఖాతంలో తుఫానులు పుట్టే కాలాలూ సరిగ్గా ఈ రెండే. కొండల్లో జనం ఎక్కువగా ఉండే నెలల్లోనే సముద్రం వాళ్ల మీదికి మబ్బును పంపుతుంది. వర్షాకాలమంతా కనుమ దాదాపు ఖాళీగా ఉంటుంది, నడిచేవాళ్లు వానకు సిద్ధపడి ఉంటారు. అక్టోబరులో నీలాకాశం చూసి వెళ్లినవాళ్లకు ఆ సిద్ధపాటు ఉండదు.

మరి హెచ్చరిక పనిచేస్తుందా? దానికి సాక్ష్యం మన తీరమే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు తుఫాను ఆశ్రయాలు కట్టారు, రాడార్లు పెట్టారు, ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్లు ప్రతి మత్స్యకారుడికీ తెలిసిన భాష అయ్యాయి. హుద్‌హుద్ రాకముందే వేటకు వెళ్లొద్దన్నారు, వెళ్లినవాళ్లను వెనక్కి పిలిచారు, లోతట్టు ఊళ్ల నుంచి భారీగా జనాన్ని ఖాళీ చేయించారు. ఆస్తి నష్టం ఘోరంగా జరిగినా, అంతటి గాలికి మన రాష్ట్రంలో పోయిన ప్రాణాలు పదుల్లోనే ఆగాయి. ఆ ప్రాణాలు తక్కువ విలువైనవని కాదు. 1977తో పోలిస్తే వేల మంది బతికారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. తీరంలో ఈ మార్పు తెచ్చింది మర పడవలు, హెలికాప్టర్లు కాదు. దండోరా, రేడియో, తహసీల్దారు, గ్రామ రెవెన్యూ అధికారి, ఆశ్రయం తలుపు, అక్కడ వండిపెట్టిన అన్నం. గాలి వచ్చేలోగా మనిషిని ప్రమాదం ఉన్న చోటు నుంచి కదిలించే ఏర్పాటు. అదే తుఫాను, అదే వారం, రెండు చోట్ల. ఒక చోట ఏర్పాటు ఉంది, ఇంకో చోట లేదు. బతికి బయటపడ్డ నడకదారులు పలువురు తమకు ఎవరూ హెచ్చరిక చెప్పలేదన్నారు. అప్పటి నేపాల్ ప్రధాని సుశీల్ కొయిరాలా కూడా వాతావరణ సమాచారం నిమిష నిమిషానికీ దొరికే కాలంలో ఇలా జరగడం విషాదమని, ముందస్తు హెచ్చరిక వ్యవస్థ పెడతామని చెప్పారు.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం తరచూ వినిపించేదే. మత్స్యకారుడు పొట్టకూటికి సముద్రం మీదికి పోతాడు, కొండెక్కేవాడు ఇష్టపడి పోతాడు. తెలిసి తెచ్చుకున్న ప్రమాదానికి ప్రభుత్వాలు ఎందుకు బాధ్యత వహించాలి? ఈ ప్రశ్నలో న్యాయం కొంత ఉంది. పర్వతారోహణలో ప్రమాదం లేకుండా పోదు, అది అందరికన్నా బాగా తెలిసినవాళ్లు పర్వతారోహకులే. విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన లెఫ్టినెంట్ ఉదయ్ భాస్కర్ రావు 1985 అక్టోబరులో భారత సైన్యం ఎవరెస్ట్ యాత్రలో వెళ్లి, సౌత్ కోల్ దగ్గర మంచు గాలిలో చిక్కుకుని మరో ముగ్గురు సైనికులతో పాటు ప్రాణాలు విడిచారు. అదే పాఠశాలలో చదివి, ఆయన స్ఫూర్తితో కొండలెక్కిన నెల్లూరు జిల్లా వీరుడు మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలనూ అధిరోహించి, 2015 మార్చి 24న ఆండీస్‌లోని సెర్రో త్రేస్ క్రూసెస్ సుర్ శిఖరానికి ఒంటరిగా బయలుదేరి తిరిగి రాలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉత్తర చిలీలో అటకామా ఎడారిని వరదలు ముంచెత్తాయి. చిలీ, అర్జెంటీనా రెండు వైపుల నుంచీ గాలించారు, మన విదేశాంగ శాఖ కదిలింది, మిత్రులు ప్రపంచమంతటా గొంతెత్తారు. ఏప్రిల్ మొదటి వారంలో దొరికింది ఆయన దేహమే. అంతటి నిపుణులకే ఒకసారి గాలిలో చిక్కాక నైపుణ్యం గానీ, తర్వాత వచ్చిన సాయం గానీ ఆదుకోలేకపోయాయంటే, ఆపవలసింది చిక్కుకోకముందే అన్న మాట ఇంకా బలపడుతుంది. ఇక ఇష్టం సంగతి: ఏం రాబోతోందో తెలిసి వెళితే అది ఇష్టం. తెలియకుండా వెళ్లినవాడి మీద ఆ మాట మోపడం అన్యాయం. పైగా థొరాంగ్ లా మృతుల్లో గైడ్లు, కూలీలు, పశువుల కాపరులు ఉన్నారు. వాళ్లు కొండ మీదికి వచ్చింది మన మత్స్యకారులు సముద్రం మీదికి పోయిన కారణానికే.

రెండో అభ్యంతరం శాస్త్రానికి సంబంధించింది. తుఫాను దారి మారుతుంది, కొండల్లో ఒక లోయలో మంచు పడితే పక్క లోయలో ఎండ కాస్తుంది. తప్పుడు హెచ్చరికలు నాలుగు పోతే అయిదోదాన్ని ఎవరూ నమ్మరు. నిజమే, పర్వత వాతావరణం చెప్పడం తీరం వాతావరణం చెప్పడం కన్నా కష్టం. కానీ తప్పుడు హెచ్చరికకు అయ్యే ఖర్చును, రాని హెచ్చరికకు అయ్యే ఖర్చును పక్కపక్కన పెట్టి చూడాలి. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటానికి నడకదారులు మనాంగ్‌లో ఎలాగూ ఒక రోజు ఆగుతారు. ఆ ఆగడం ఇంకో రెండు రోజులు సాగితే పోయేది కొంత డబ్బు, కొంత సెలవు. మన తీరంలో వేట మానుకున్న ప్రతిసారీ తుఫాను అక్కడే తీరం దాటదు. అయినా మత్స్యకారులు ఆ పూట కూలిని వదులుకోవడం నేర్చుకున్నారు, ఎందుకంటే దివిసీమ జ్ఞాపకం ఉంది. పర్వతారోహకులూ నేర్వగలరనడానికి రుజువు ఉంది. 2021 మేలో యాస్ తుఫాను ఒడిశా తీరం దాటబోతున్నప్పుడు ఎవరెస్ట్ మీదున్న బృందాలు సూచనలు చూసుకుని ఎక్కడం ఆపాయి, కిందికి దిగి వేచి ఉన్నాయి. గాలి తగ్గాక కొన్ని మళ్లీ ఎక్కాయి. ఖరీదైన యాత్రలకు వాతావరణం చెప్పే నిపుణులు జీతం మీద ఉంటారు. ఆ సమాచారమే సామాన్య నడకదారికి, అతని బరువు మోసే కూలీకి ఉచితంగా అందాలనడంలో అత్యాశ ఏముంది?

మూడో అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది. తీరంలో ప్రభుత్వం ఉంది, కలెక్టరు మాటకు విలువ ఉంది. 5,000 మీటర్ల ఎత్తున ఎవరు ఎవరిని ఆపగలరు? గైడ్ ఆపితే వచ్చినవాడు కోప్పడతాడు, ఇంకో గైడును పెట్టుకుంటాడు; బస యజమానికి జనం కదిలితేనే రాబడి. దీనికి సమాధానం ఉపదేశంతో దొరకదు, డబ్బు లెక్కతో దొరుకుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలకు వేట నిషేధం. చేపల సంతానోత్పత్తి కోసం పెట్టిన ఆ నిషేధం నిలబడుతోందంటే, ఆ రోజులకు ప్రభుత్వం భృతి ఇవ్వడం అందుకొక ముఖ్య కారణం. పని ఆపమన్నవాడే ఆ పూట కూలి గురించి ఆలోచించాలన్న న్యాయం అది. కనుమ మూసిన రోజులకు గైడుకు, కూలీకి కూలి అందే ఏర్పాటు, ప్రతి నడకదారి చెల్లించే అనుమతి రుసుములోంచే ఒక నిధిగా పెట్టవచ్చు. మూసే అధికారం జిల్లా యంత్రాంగానిది కావాలి, అమలు చేసేది దారిలోని తనిఖీ చౌకీ కావాలి. ఎవరు ఏ రోజు ఏ చౌకీ దాటారో రాసి ఉంచే పుస్తకం సరిగా ఉంటే, చిక్కుకున్నవాళ్లను వెతికేటప్పుడు అదే మొదటి ఆధారం. నేపాల్ 2023 నుంచి విదేశీ నడకదారులకు గైడు తప్పనిసరి అన్న నియమం తెచ్చింది. అది మంచి అడుగే, అయితే గైడుకు ఆగమని చెప్పగల ధైర్యాన్ని, ఆగితే గడిచే దారిని ఇచ్చినప్పుడే దాని ఫలం దక్కుతుంది.

హెలికాప్టర్లు పెంచితే, శాటిలైట్ ఫోన్లు ఇస్తే చాలదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. అవి కావాలి, ఎన్నుంటే అంత మంచిది. కానీ గాలి పలచబడే కొద్దీ హెలికాప్టర్ ఎత్తగల బరువు తగ్గుతుంది, మబ్బులో పైలట్‌కు దారి కనిపించదు, మంచు తుఫానులో పంపితే రక్షించేవాళ్లను కూడా పోగొట్టుకుంటాం. ఫోన్ ఉన్నవాడు నేనిక్కడ ఉన్నానని చెప్పగలడు, అంతే. మనాంగ్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ నడిపే వైద్య కేంద్రం ఏళ్లుగా చేస్తున్న పని చూస్తే సంగతి తెలుస్తుంది: అక్కడి వైద్యులు జబ్బుపడ్డవాళ్లకు వైద్యం చేస్తూనే, పైకి వెళ్లబోయేవాళ్లకు ఎత్తు వల్ల వచ్చే ప్రమాదాల గురించి ముందే చెబుతారు. ఆ చెప్పే చోటే వాతావరణ సూచన కూడా గోడ మీద ఉంటే అది ఎన్నో హెలికాప్టర్ల పెట్టు.

అన్నిటికన్నా మన చేతుల్లో ఉన్న పని మరొకటుంది. బంగాళాఖాతంలో పుట్టే తుఫానులను గమనించి, పేరు పెట్టి, చుట్టుపక్కల దేశాలకు సూచనలు పంపే బాధ్యత ఢిల్లీలోని మన వాతావరణ కేంద్రానిది. పేర్లు పెట్టే దేశాలు 2014లో ఎనిమిది, ఇప్పుడు 13. రెండు జాబితాల్లోనూ నేపాల్ లేదు. సముద్ర తీరం లేని దేశానికి తుఫానుతో ఏం పనని ఎవరైనా అనుకోవచ్చు. 1995 నవంబరు, 2014 అక్టోబరు ఆ ఆలోచన తప్పని చెబుతున్నాయి. నేపాల్‌కు ఆ వరుసలో చోటు ఇవ్వాలి. తుఫాను తీరం దాటాక కూడా, దాని తేమ హిమాలయాన్ని దాటేదాకా, ఏ జిల్లాల్లో ఎన్ని మీటర్ల పైన మంచు పడవచ్చో చెప్పే సూచన సాగాలి. ఉత్తరాఖండ్, సిక్కిం కనుమలకూ ఇదే వర్తిస్తుంది. మన రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ తుఫాను వేళ ఫోన్లకు పంపే సందేశాల్లో, హిమాలయ యాత్రల్లో ఉన్న బంధువులకు కబురు చెప్పండన్న ఒక వాక్యం చేర్చడానికి పైసా ఖర్చు లేదు. ముక్తినాథ్‌కో, ఏ శిఖరానికో బయలుదేరే తెలుగువాళ్లు అక్టోబరులో, మేలో బంగాళాఖాతం బులెటిన్ చూడకుండా కనుమ ఎక్కకూడదు. అల్పపీడనం ఉత్తరానికి కదులుతోందంటే దిగువ ఊళ్లో ఆగిపోవాలి, తమ గైడు ఆగుదామంటే ఆ మాటకు కట్టుబడి ఆ రోజు కూలి చెల్లించాలి. హుద్‌హుద్ మన ఊళ్లను కూల్చి వెళ్లాక మనం కన్నీళ్లు తుడుచుకుంటున్న ఆ రెండు రోజులూ, కొండ మీదికి దాని రాకను ముందే తెలుసుకోగల విద్య మన దగ్గరే ఉంది. ఆ విద్యను కొండ మీదివాళ్లతో పంచుకోవడం దానం కాదు, దివిసీమలో వేల ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్నవాళ్లుగా మన బాధ్యత.